నిచ్చెనకు నడిమి మెట్లు

2007 జులై 19న ప్రతిభా పాటిల్‌కూ భైరోన్‌సింగ్ షెఖావత్‌కూ మధ్య రాష్ట్రపతి ఎన్నిక జరిగింది. అందులో మా ధర్మపురి జిల్లా మొరప్పూర్ వంతు 176. అప్పటికింకా మొరప్పూర్ పేరున ఒక శాసనసభ నియోజకవర్గం ఉండేది. మరుసటి ఏడాది పునర్విభజనలో ఆ పేరు పోయింది. 1971 జనాభా లెక్కల్లో తమిళనాడు జనాన్ని 234 మంది ఎమ్మెల్యేలకు పంచి, వచ్చినదాన్ని వెయ్యితో భాగిస్తే 176 వస్తుంది. రాష్ట్రపతి ఎన్నికలో ఇక్కడి ఒక్కో ఎమ్మెల్యే ఓటుకు కట్టిన విలువ అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేకి 148, ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేకి 208, ఆ ఏడాది ఎంపీకి 708. సేలం బండి కోసం మొరప్పూర్ స్టేషన్లో నిలబడ్డ ఆడమనిషికి ఏ విలువా లేదు, అసలు ఓటే లేదు గనుక. పక్కన నిలబడ్డ మగవాడికీ లేదనుకోండి. రాజ్యాంగం రాసినవాళ్లు తెలిసే అలా ఏర్పాటు చేశారు. రెండు రోజులకు లెక్క తేలింది: ప్రతిభా పాటిల్‌కు 6,38,116, షెఖావత్‌కు 3,31,306. జులై 25న, గణతంత్రం ఏర్పడిన 57 ఏళ్లకు, దేశానికి తొలి మహిళా రాష్ట్రపతి వచ్చారు. ఈ దేశపు ఆడవాళ్లందరి విజయమని ఆ వారమంతా వినిపించింది. ఆ విజయం ఎవరిది, అది ఎంత కిందికి దిగివచ్చింది అన్న లెక్క మాత్రం ఎవరూ తీయలేదు.

ఇలాంటి సందర్భం వచ్చిన ప్రతిసారీ మనవాళ్లలో రెండు రకాల మాటలు పుడతాయి. ఒకటి పండగ మాట: ఇక మన ఆడపిల్లలకు ఆకాశమే హద్దు. రెండోది పెదవి విరుపు: సంతకాలు పెట్టే కుర్చీలో ఆడైతేనేం, మగైతేనేం. ఈ రెండు మాటలు మాట్లాడేవాళ్లూ చూసేది నిచ్చెన కొసనే. కొసన ఎవరున్నారో చూసి ఒకరు చప్పట్లు కొడతారు, ఇంకొకరు నిట్టూరుస్తారు. నా వాదన వేరు. పై మెట్టు మీద ఒక ఆడమనిషి కనబడినంత మాత్రాన ఆమె వెనక ఇంకెవరూ ఎక్కిరారు. ఎమ్మెల్యే, ఎంపీ, మంత్రి, కలెక్టరు, ఎస్పీ, అన్నిటికన్నా ముఖ్యంగా పార్టీ జిల్లా కార్యదర్శి, ఈ నడిమి మెట్లు ఆడవాళ్లతో నిండిన చోట పై మెట్టు గురించి ప్రత్యేకంగా ఎవరూ బెంగపడనక్కరలేదు. నడిమి మెట్లు ఖాళీగా ఉంచి కొసన మాత్రం ఒకరిని నిలబెడితే, ఆమె ఎంత గొప్పదైనా, ఎంత అధికారం గలదైనా, కింద ఉన్నవాళ్ల బతుకులో మార్పు ఆమె దయ మీద, పరిస్థితుల మీద ఆధారపడి ఉంటుంది. ఇది కేవలం తర్కం కోసం చెబుతున్న మాట అయితే ఇంత రాయనక్కరలేదు. దీనికి సాక్ష్యాలు ఢిల్లీలో ఉన్నాయి, కొలంబోలో ఉన్నాయి, మా ధర్మపురి జిల్లాలో అన్నిటికన్నా గట్టివి ఉన్నాయి.

ముందు ఆ 2007 కన్నా వెనక్కి వెళ్దాం. ఫకృద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే చనిపోయాక, 1977లో ప్రధాని మొరార్జీ దేశాయ్ రాష్ట్రపతి పదవికి మొదట అడిగింది రుక్మిణీదేవి అరండేల్‌ని. మదురైలో పుట్టి, 1936లో కళాక్షేత్రను స్థాపించి, 1952లోనే రాజ్యసభకు నామినేట్ అయి, జంతుహింస నిరోధక చట్టం రావడానికి కారణమైన మనిషి. ఆమె వద్దన్నారు. ఆ తర్వాత పదవి మన నీలం సంజీవరెడ్డికి వచ్చింది. 1969లో వి.వి. గిరి చేతిలో ఓడిన ఆయన 1977లో పోటీ లేకుండా గెలిచారు. 37 నామినేషన్లలో ఆయనది ఒక్కటే నిలిచింది. ఆయన జులై 25న ప్రమాణం చేశారు గనుకనే ఆ తర్వాత వచ్చిన రాష్ట్రపతులందరూ అదే తేదీన ప్రమాణం చేస్తూ వస్తున్నారు. రుక్మిణీదేవి సరేనని ఉంటే దేశపు తొలి మహిళా రాష్ట్రపతి ముప్పై ఏళ్ల ముందే, అదీ తమిళనాడు నుంచి, వచ్చి ఉండేవారు. 2002లో మద్రాసులో పుట్టిన ఇంకొకామె, ఆజాద్ హింద్ ఫౌజ్ ఝాన్సీరాణి దళానికి నాయకత్వం వహించిన డాక్టర్ లక్ష్మీ సెహగల్, వామపక్షాల తరఫున అబ్దుల్ కలాం మీద నిలబడ్డారు. ఓటమి ఖాయమని తెలిసే నిలబడ్డారు. వచ్చిన ఓట్ల విలువ 1,07,366. ఒకామె వద్దంది, ఒకామె ఓడింది, మూడో ఆమె గెలిచింది. ఈ మూడు సందర్భాల్లోనూ ఆడమనిషి పేరు పైకి వచ్చింది కొద్దిమంది నాయకులు కూర్చున్న గదిలోంచే. 2007లో కాంగ్రెస్ మొదట అనుకున్న పేరు శివరాజ్ పాటిల్; వామపక్షాలు ఒప్పుకోలేదు. మరికొన్ని పేర్లు నలిగాక ప్రతిభా పాటిల్ పేరు బయటికొచ్చింది. డీఎంకే ఆమె వెంట నిలిచింది. దూరంగా ఉంటామన్న కూటమిలోని అన్నాడీఎంకే ఆఖరున ఓటు వేయడానికి వచ్చేసింది, తెలుగుదేశం దూరంగానే ఉండిపోయింది. ఎవరి లెక్కలు వారివి.

ఇక్కడే మొదటి అభ్యంతరం వినబడుతుంది. ఆడా మగా అని చూడడం ఎందుకు, సమర్థత చూడాలి గదా అని. సమర్థత చూడాలన్నదాన్ని ఎవరూ కాదనరు. చిత్రమేమిటంటే ఈ ప్రశ్న ఆడవాళ్ల పేరు వచ్చిన రోజునే పుడుతుంది. 1969లో ఇద్దరు తెలుగువాళ్లు పోటీపడ్డప్పుడు దేశం చూసింది గిరిగారి సమర్థతనా, సంజీవరెడ్డిగారి సమర్థతనా? కాంగ్రెస్‌లో ఇందిర పక్షం, సిండికేట్ పక్షం బలాబలాలు చూసింది. మతం చూసి, రాష్ట్రం చూసి, విధేయత చూసి, సంఖ్యలు చూసి ఎంపిక చేసిన మగ అభ్యర్థులను మనం పూర్తి సమర్థులుగానే లెక్కగట్టుకుంటూ వచ్చాం. ప్రతిభా పాటిల్ 1962లో, 27 ఏళ్ల వయసులో, జలగావ్ నుంచి ఎమ్మెల్యే అయ్యారు; 1985 దాకా మహారాష్ట్ర శాసనసభలో ఉన్నారు; మంత్రిగా చేశారు; రాజ్యసభ ఉపాధ్యక్షురాలిగా చేశారు; 1991లో మహారాష్ట్రలోని అమరావతి నుంచి లోక్‌సభకు వెళ్లారు; 2004లో రాజస్థాన్ గవర్నరయ్యారు. నిలబడ్డ ఎన్నికలో ఓడింది లేదు. ఆమె మీద ఆరోపణలు లేవా అంటే ఉన్నాయి, సహకార బ్యాంకు గురించీ చక్కెర ఫ్యాక్టరీ గురించీ ఆ ఎన్నికల్లో చాలా రచ్చ జరిగింది. అయినా ఈ జాబితాను ఏ మగ అభ్యర్థి పేరు పక్కన పెట్టినా ఎవరూ 'అనుభవం చాలదు' అనరు. కాబట్టి ప్రతిభా పాటిల్‌కు అర్హత లేదన్న మాటను నేను ఒప్పుకోను. అర్హత ఉన్న ఆడవాళ్లు ఆ పదవికి కావలసినంతమంది లేకపోవడం, ఉన్న కొద్దిమంది కూడా గదిలోని మగవాళ్ల దృష్టిలో పడితేనే ముందుకు రాగలగడం, నా ఫిర్యాదు దాని గురించి.

పై మెట్టు కిందివాళ్లను లాగుతుందా లేదా అన్నది తేల్చడానికి రాష్ట్రపతి పదవి మంచి పరీక్ష కాదని ఎవరైనా అనవచ్చు, అందులో అధికారం తక్కువ గనుక. సరే, అధికారం నిండుగా ఉన్న పదవినే చూద్దాం. 1966 జనవరిలో ఇందిరాగాంధీ ప్రధాని అయ్యారు. వరసగా పదకొండేళ్లు ఏలారు, అందులో ఎమర్జెన్సీ కూడా ఉంది. అంతకు మించిన అధికారం ఈ దేశంలో ఎవరూ చూడలేదు. ఆ పదకొండేళ్ల చివర 1977లో ఎన్నికైన లోక్‌సభలో ఆడవాళ్లు 19 మంది. స్వతంత్ర భారతంలో అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఆమె హయాంలోనే మహిళల స్థితిగతుల మీద వేసిన కమిటీ 1974 చివర నివేదిక ఇచ్చింది. చాలా విషయాల్లో ఆడవాళ్ల పరిస్థితి మెరుగుపడకపోగా దిగజారిందని అందులో ఉంది. సముద్రం దాటితే శ్రీలంక. 1960లో ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధాని సిరిమావో బండారనాయకే అక్కడే వచ్చారు. 1994లో ఆమె కూతురు చంద్రికా కుమారతుంగ అధ్యక్షురాలయ్యారు, అదీ పూర్తి అధికారాలున్న అధ్యక్షపదవి. తల్లి ప్రధాని, కూతురు అధ్యక్షురాలు. అయినా ఆ దేశపు పార్లమెంటులో ఆడవాళ్లు దశాబ్దాల తరబడి వందకు అయిదారుగురికి మించలేదు. 2020లో కూడా 225 మందిలో 12. ఇంట్లోంచి ఒకరు పైకి వెళ్లడం, వీధిలోంచి పదిమంది పైకి వెళ్లడం ఒకటి కావు.

ఇక మా జిల్లా సంగతి. తమిళనాడుకు అధికారం నిండుగా ఉన్న మహిళా ముఖ్యమంత్రి 1991 జూన్‌లో వచ్చారు. జయలలిత. 1992 అనే ఒక్క ఏడాదిలో ఆమె ప్రభుత్వం చేసినవి, ఆమె ప్రభుత్వంలో జరిగినవి పక్కపక్కన పెట్టి చూడాలి. ఆడశిశువులను పురిట్లోనే చంపేసే ఘోరం సేలం, ధర్మపురి ప్రాంతాల్లో ఉండేది. ధర్మపురి 1965 దాకా సేలంలో భాగమే. అక్కరలేని ఆడబిడ్డను చంపకండి, మా ఊయలలో వేసిపొండి అని ప్రభుత్వం 1992లో సేలంలో తొట్టిల్ కుళందై పథకం మొదలుపెట్టింది. ఆమె మళ్లీ అధికారంలోకి వచ్చిన 2001లో అది ధర్మపురికీ వచ్చింది. బిడ్డల్ని వదిలించుకోవడానికి దారి చూపించినట్లయిందని విమర్శించినవాళ్లు ఉన్నారు, అయినా బతికిన పిల్లలు బతికారు. అదే 1992లో ఆడవాళ్లే పనిచేసే మహిళా పోలీసు స్టేషన్ చెన్నైలో తెరిచారు; తర్వాత రాష్ట్రమంతా వ్యాపించింది. ఈ రెండూ ఆడమనిషి ముఖ్యమంత్రి కాబట్టే వచ్చాయని ఎవరైనా అంటే నేను కాదనను. మూడోది కూడా ఆ ఏడాదిలోదే. జూన్ 20న, హరూర్ తాలూకాలో, సిత్తేరి కొండల అడుగున ఉన్న వాచాత్తి అనే మలయాళి గిరిజనుల ఊరి మీద గంధపు చెక్కల సోదా పేరుతో అటవీశాఖ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది విరుచుకుపడ్డారు. ఇళ్లు కూల్చారు, పశువుల్ని, ధాన్యాన్ని పాడుచేశారు, పిల్లలతో సహా వందమందికి పైగా పట్టుకుపోయారు. పద్దెనిమిదిమంది ఆడవాళ్లపై అత్యాచారం చేశారు. ముఖ్యమంత్రి మహిళే. అయినా ప్రభుత్వం తన మనుషుల్నే వెనకేసుకొచ్చింది.

వాచాత్తి కేసును ముందుకు నడిపినవాళ్లెవరో చూస్తే నా వాదనకు సగం బలం అక్కడే దొరుకుతుంది. సీపీఎం వాళ్లు, తమిళనాడు గిరిజన సంఘం వాళ్లు బయటికి తెచ్చారు. ప్రభుత్వం కొట్టిపారేస్తున్న రోజుల్లో షెడ్యూల్డ్ కులాలు, తెగల జాతీయ కమిషన్‌లో దక్షిణ ప్రాంతపు అధికారిణిగా ఉన్న బి. భామతి ఊరికి వెళ్లి, విచారించి, జరిగింది నిజమేనని నివేదిక రాశారు. పెద్ద పదవి కాదు, బోర్డు మీద పేరుండే పదవి కూడా కాదు. నడిమి మెట్టు మీద ఒక ఆడమనిషి తన పని తాను చేసింది. హైకోర్టు 1995లో సీబీఐకి అప్పగించింది. నేరం మోపింది 269 మంది మీద. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి కోర్టు తీర్పు చెప్పేనాటికి వారిలో 54 మంది చనిపోయారు, మిగిలిన 215 మందికీ శిక్ష పడింది, 17 మందికి అత్యాచార నేరం కింద. ఆ పందొమ్మిదేళ్లూ కోర్టుల చుట్టూ తిరిగిందీ, సాక్ష్యం చెప్పిందీ ఆ ఊరి ఆడవాళ్లే. అప్పీళ్లన్నీ కొట్టేస్తూ మద్రాసు హైకోర్టు 2023 సెప్టెంబరు 29న తీర్పునిచ్చింది. అప్పటి కలెక్టరు, ఎస్పీ, జిల్లా అటవీ అధికారి మీద కూడా చర్య తీసుకొమ్మంది. అంతకు సరిగ్గా ఒక్కరోజు ముందు, సెప్టెంబరు 28న, చట్టసభల్లో ఆడవాళ్లకు మూడోవంతు సీట్లిచ్చే రాజ్యాంగ సవరణకు రాష్ట్రపతి ఆమోదం లభించింది. సంతకం చేసిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, దేశపు రెండో మహిళా రాష్ట్రపతి, తొలి గిరిజన రాష్ట్రపతి. ఆమె పుట్టినరోజు కూడా జూన్ 20. ఈ తేదీల కలయికకు అర్థాలు వెతకనక్కరలేదు. గిరిజన స్త్రీ రాష్ట్రపతి భవన్‌కు చేరేనాటికి కూడా వాచాత్తి స్త్రీలకు న్యాయం పూర్తిగా చేరలేదన్నది మాత్రం కాలెండరు చెబుతున్న విషయం.

దీన్నిబట్టి పై మెట్టు దండగ అనుకుందామా? పెదవి విరిచేవాళ్లు ఇక్కడ నన్ను తమ పక్షాన కలుపుకోబోతారు, అందుకు నేను సిద్ధంగా లేను. కళ్లెదుట కనబడే మనిషి ప్రభావం నిజమేనని గట్టి పరిశోధన ఉంది. పశ్చిమబెంగాల్ బీర్భూమ్ జిల్లాలో 495 ఊళ్లలో ఎస్తర్ డఫ్లో, రోహిణి పాండే మరికొందరితో కలిసి చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. రెండు దఫాలు వరసగా పంచాయతి పెద్దగా ఆడమనిషి ఉన్న ఊళ్లలో, కూతురి భవిష్యత్తు గురించి తల్లిదండ్రులు పెట్టుకునే ఆశకూ కొడుకు గురించి పెట్టుకునే ఆశకూ మధ్య తేడా తగ్గింది. పిల్లల్లోనైతే ఆ తేడా మూడోవంతు దాకా తగ్గింది. చదువులో ఆడపిల్లలు వెనకబడడం ఆ ఊళ్లలో ఆగిపోయింది. గమనించవలసింది రెండు సంగతులు. ఆ పెద్ద ఊళ్లోనే ఉంది, ఢిల్లీలో కాదు. ఒక్కసారి వచ్చి పోలేదు, రెండు దఫాలు ఉంది. దూరాన, అరుదుగా కనబడే ప్రతిమకూ దగ్గర్లో, మాటిమాటికీ కనబడే అధికారికీ ఉన్న తేడా ఇదే. పైగా, ఆడమనిషి కాబట్టి ఆడవాళ్ల పక్షమే తీర్పులిస్తుందనుకోవడం కూడా ఆమెకు చేసే అన్యాయం. ప్రతిభా పాటిల్ తన పదవీకాలంలో 35 మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చారు. వారిలో ఆడవాళ్లపై, పసివాళ్లపై ఘోరాలు చేసినవాళ్లూ ఉన్నారు. ఆ నిర్ణయాలు తప్పని నేననను. మొత్తం ఆడజాతికి ప్రతినిధిగా ఒక్కరినే నిలబెడితే ఆమె ఏం చేసినా ఆడజాతి ఖాతాలో పడుతుంది. పదిమంది ఉంటే ఎవరి ఖాతా వారిది.

పై మెట్టు, నడిమి మెట్లు కలిసి కదిలిన దేశాలు లేకపోలేదు. ఐస్‌లాండ్‌లో 1980లో విగ్దిస్ ఫిన్‌బొగదొత్తిర్ గెలిచారు. ప్రజలు నేరుగా ఎన్నుకున్న తొలి మహిళా దేశాధ్యక్షురాలు ప్రపంచంలో ఆమే. అక్కడి అధ్యక్షపదవి కూడా మన రాష్ట్రపతి పదవిలాగా లాంఛనమే. కాని ఆమె వెనక 1975 అక్టోబరు 24 ఉంది. ఆ రోజు ఆ దేశపు ఆడవాళ్లు ఆఫీసు పని, ఇంటి పని అన్నీ మానేసి వీధుల్లోకి వచ్చారు. ఆమె తర్వాత 1983లో ఆడవాళ్లే సొంత జాబితాతో పార్లమెంటుకు పోటీచేసి మూడు సీట్లు గెలిచారు. అరవైమంది సభలో అప్పటిదాకా ముగ్గురున్న ఆడవాళ్లు తొమ్మిదిమంది అయ్యారు. ఇతర పార్టీలకు గత్యంతరం లేక టికెట్లివ్వడం మొదలైంది. మెక్సికో ఇంకా సూటి ఉదాహరణ. 2014లో పార్లమెంటు అభ్యర్థుల్లో సగం మంది ఆడవాళ్లుండాలని రాజ్యాంగంలో రాసుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి, 2024 జూన్‌లో, అధ్యక్ష ఎన్నికలో మొదటి ఇద్దరు ప్రధాన అభ్యర్థులూ ఆడవాళ్లే: క్లాడియా షీన్‌బామ్, సోచిల్ గాల్వెస్. ఓట్లు లెక్కపెట్టకముందే తొలి మహిళా అధ్యక్షురాలు వస్తుందని తెలిసిపోయింది. ఎవరి గదిలోనూ ఎవరి దయా అక్కరలేకపోయింది.

ఇక్కడ ఇంకో అభ్యంతరం ఉంది, ఇది పల్లెల్లో అందరికీ తెలిసిందే. సీటు ఆమెది, పెత్తనం మొగుడిది. పంచాయతి ప్రెసిడెంటు బోర్డు మీద భార్య పేరుంటుంది, బండి మీద భర్త తిరుగుతాడు, సంతకం దగ్గర మాత్రం ఆమెను పిలుస్తారు. ఇది అబద్ధం కాదు. తమిళనాడులో 2016లో పంచాయతుల్లో ఆడవాళ్ల వాటాను సగానికి పెంచాక ఈ వేళాకోళం ఇంకా పెరిగింది. ఇంకా ఘోరమైనవీ ఉన్నాయి. 2020లో కడలూరు జిల్లా తెర్కు తిట్టైలో దళిత మహిళా ప్రెసిడెంటును సమావేశంలో నేల మీద కూర్చోబెట్టిన ఫొటో రాష్ట్రమంతా చూసింది. ఎన్నికైన కుర్చీ ఉంది, కూర్చోనివ్వలేదు. ఇవన్నీ చూపించి రిజర్వేషన్ దండగ అనేవాళ్లకు నా జవాబు ఒకటే: ఆ ఫొటో బయటికొచ్చాక కేసు పెట్టారు, ఎందుకంటే ఆమె ప్రెసిడెంటు. ప్రెసిడెంటు కాకపోయి ఉంటే నేల మీద కూర్చోబెట్టడం వార్తే కాదు. మొగుడి చాటు పెత్తనం సంగతికొస్తే, మన అసెంబ్లీల్లో తండ్రి చాటు కొడుకులు, మామ చాటు అల్లుళ్లు ఎంతమంది ఉన్నారో చూసుకుంటే ఆ మాట అనడానికి నోరు రాదు. మొదటి దఫా మొగుడి చాటున నెగ్గిన ఆమె రెండో దఫాకు తాలూకా ఆఫీసులో ఎవరి టేబుల్ దగ్గర ఏ కాగితం ఆగుతుందో నేర్చుకుంటుంది. ఆ నేర్పే మూలధనం.

ముర్ము రాజకీయ ప్రయాణం దీనికి మంచి ఉదాహరణ. ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బెడలో పుట్టిన సంతాల్ స్త్రీ. గుమాస్తాగా చేసింది, బడిలో పాఠాలు చెప్పింది. స్థానిక సంస్థల్లో ఆడవాళ్లకు మూడోవంతు సీట్లిచ్చిన సవరణలు 1993లో అమల్లోకి వస్తే, 1997లో ఆమె రాయరంగ్‌పూర్ నగర పంచాయతిలో కౌన్సిలర్ అయ్యారు. 2000లో ఎమ్మెల్యే, తర్వాత మంత్రి, 2015లో జార్ఖండ్ గవర్నరు. అక్కడ సొంత పార్టీ ప్రభుత్వం గిరిజన భూముల చట్టాలను సడలిస్తూ పంపిన బిల్లులను 2017లో ఆమె తిప్పి పంపారు. 2022లో యశ్వంత్ సిన్హా మీద 6,76,803 విలువతో గెలిచారు. ఆమెనూ పార్టీ నాయకత్వం తన లెక్కలు చూసుకునే నిలబెట్టింది, అందులో సందేహమేమీ లేదు. కాని లెక్కలు వేసుకునేవాళ్లకు కనబడేందుకు అక్కడ ఒక గిరిజన స్త్రీ ఉంది, పాతికేళ్ల అనుభవంతో ఉంది. 1997లో ఆ నగర పంచాయతి మెట్టు లేకపోతే 2022లో ఆ పేరే ఉండేది కాదు. ప్రతిభా పాటిల్, ముర్ము ప్రమాణ స్వీకారాల మధ్య సరిగ్గా పదిహేనేళ్లు. పై మెట్టు మీద రెండుసార్లు ఆడవాళ్లు వచ్చారు. మరి మధ్యలో?

మధ్యలో 2021లో ఎన్నికైన తమిళనాడు శాసనసభ ఉంది: 234 మందిలో 12 మంది ఆడవాళ్లు. 2023లో ఎన్నికైన తెలంగాణ శాసనసభ ఉంది: 119 మందిలో పదిమంది. 2024 లోక్‌సభ ఉంది: 543 మందిలో 74. ఆంధ్రప్రదేశ్‌లోగానీ తెలంగాణలోగానీ ఒక్క మహిళా ముఖ్యమంత్రి లేరు. స్పీకరుగా ప్రతిభాభారతిని, హోంమంత్రిగా సబితా ఇంద్రారెడ్డిని చూశాం, అక్కడితో ఆగాం. దేశపు తొలి మహిళా ప్రధాన ఎన్నికల కమిషనర్ వి.ఎస్. రమాదేవి తెలుగావిడే, 1990లో ఆమె ఆ కుర్చీలో ఉన్నది పదహారు రోజులు. మొరప్పూర్‌లాంటి ఊరికి కావలసినవి తేలేది ఈ మధ్య మెట్ల మీదే. మొరప్పూర్ నుంచి ధర్మపురికి 1906లో కరువు రోజుల కోసం వేసిన చిన్న రైలుమార్గాన్ని 1941లో ఎత్తేశారు. దాన్ని తిరిగి వేయించుకోవడానికి ఈ ప్రాంతం పెట్టుకున్న అర్జీలన్నీ వెళ్లింది ఎంపీల దగ్గరికి, మంత్రుల దగ్గరికి, కలెక్టర్ల దగ్గరికి. రాష్ట్రపతి భవన్‌కు కాదు. నీళ్లకూ, బడికీ, రాత్రి బస్సుకూ, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు తీసుకోవడానికీ అంతే.

చట్టసభల్లో మూడోవంతు బిల్లు మొదట 1996 సెప్టెంబరు 12న వచ్చింది. తొలి మహిళా రాష్ట్రపతి ఉండగా 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభలో అది అలాగే చచ్చిపోయింది. రాష్ట్రపతి భవన్‌లో ఆడమనిషి ఉండడం దానికి ఏమీ చేయలేకపోయింది. 2023లో రెండు సభలూ దాదాపు ఏకగ్రీవంగా ఒప్పుకున్నాయి, కాని జనాభా లెక్కలూ నియోజకవర్గాల పునర్విభజనా అయ్యాకనే అమలని మెలిక పెట్టాయి. ఇన్నేళ్లూ బిల్లును ఆపినవాళ్లు చెప్పిన కారణం వెనకబడిన కులాల ఆడవాళ్లకు విడిగా వాటా లేదని. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసేయను. వన్నియర్లు, దళితులు, గిరిజనులు, తెలుగు మాట్లాడే అరుంధతీయులు కలిసి బతికే ఈ జిల్లాలో ఏ సీటు ఎవరికన్న ప్రశ్నకు ప్రాణాలంత బరువుంది. దళిత, గిరిజన సీట్లలో మూడోవంతు ఆ వర్గాల ఆడవాళ్లకే అని చట్టంలో ఉంది. వెనకబడిన కులాలకు లేదు, ఉండాలి. అయితే ఆ డిమాండ్ చేసిన పార్టీలు తమ టికెట్లలో ఆ కులాల ఆడవాళ్లకు ఎన్నిచ్చాయో చూడండి. ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డులేదు గదా. 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 లోక్‌సభ సీట్లలో ఏడు ఆడవాళ్లకిచ్చింది, అయిదు గెలిచింది. తమిళనాడులో నామ్ తమిళర్ కట్చి 2021లో 234 సీట్లలో 117 ఆడవాళ్లకిచ్చింది. ఒక్కటీ గెలవలేదన్నది నిజమే, ఆ పార్టీ మగ అభ్యర్థులూ ఒక్కరూ గెలవలేదు. గెలిచే పార్టీలు గెలిచే సీట్లు ఇవ్వాలి.

అందుకని మొరప్పూర్ మొదలు హోసూరు దాకా ఈ సీమలో ఉన్న తెలుగువాళ్లకు, తమిళులకు, కన్నడిగులకు నాదొక మనవి. ఇంకో మహిళా రాష్ట్రపతి వచ్చిన రోజున పాయసం వండుకోండి, తప్పులేదు. అయితే ఎన్నికలు దగ్గరపడి పార్టీలు జాబితాలు ప్రకటించిన రోజున పేపరు తెరిచి, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల సీట్లలో ఏ పార్టీ ఎంతమంది ఆడవాళ్లకు ఇచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టండి. వీధిలోకి ఓటడగడానికి వచ్చినవాళ్లను, మీ పార్టీకి ఈ జిల్లాలో కార్యదర్శిగా ఆడమనిషి ఎప్పుడైనా ఉందా అని అడగండి. జవాబు విన్నాకే ఓటు సంగతి మాట్లాడండి.